నల్లరాయికి ఎక్స్‌ఆర్‌డీలో పీక్స్ రాకపోతే శాంపిల్ పాడైనట్టా?

సైదాపురం దగ్గర పాత అభ్రకం గని గుట్టలో దొరికిన నల్లరాయిని కొలంబైట్ (నియోబియం, టాంటలం లోహాలుండే ఖనిజం) అనుకుని చెన్నైలో ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలు వేసి లోపలి పరమాణువుల వరస చూసే పరీక్ష) చేయిస్తే, గ్రాఫ్‌లో పీక్స్, అంటే సూదుల్లా లేచే గీతలు, రాకుండా ఎద్దు మూపురంలా ఒక్క దిబ్బ వచ్చింది, తప్పు శాంపిల్‌దా మెషీన్‌దా అని కదా నువ్వడిగింది? రెండిటిదీ కాదు తమ్ముడూ, నాకూ అచ్చం ఇదే జరిగింది.

మాది గూడూరు. చెన్నైలో ఎమ్మెస్సీ చేసేటప్పుడు సెలవులకి ఇంటికెళ్ళి అలాంటివే రెండు రాళ్ళు పేపర్లో చుట్టి తెచ్చుకున్నా, హాస్టల్లో వాళ్ళేమో ఊరెళ్తే ఆవకాయ తేవాలి గానీ రాళ్ళేంట్రా అని ఒకటే నవ్వు. ఒకటి పలకలా ఉంది, పైన కిరోసిన్ పడ్డ నీళ్ళలాగా నీలం మెరుపు. రెండోది పగలగొడితే సీసా పెంకులాగా వంపు తిరిగి విరిగింది, నున్నగా. చేత్తో బరువు చూసి చెప్పేయొచ్చంటారు కొందరు, ఈ రెండింటి మధ్య అది పనికిరాదు, రెండూ నీళ్ళకి అయిదు రెట్లు పైనే తూగుతాయి.

మొదటి దానికి పీక్స్ శుభ్రంగా వచ్చాయి, అది కొలంబైటే. రెండోదానికి నీకొచ్చిన దిబ్బే. ఆపరేటర్ ముందు ఇనుము ఎక్కువుందేమో, కాపర్ ట్యూబ్‌కి (మెషీన్‌లో ఎక్స్-కిరణాలు పుట్టించేది) బ్యాక్‌గ్రౌండ్ లేస్తుందన్నాడు, మళ్ళీ పెట్టినా అదే, "ఏంప్పా, గాజు పెంకు తెచ్చినావా" అని విసుక్కున్నాడు. పాపం ఆయన అన్నది దాదాపు నిజమే.

ఆ రెండోది శామర్‌స్కైట్ అనే ఖనిజం. నియోబియం ఆక్సైడే గానీ లోపల యురేనియం కూడా ఉంటుంది. ఆ యురేనియం క్షీణించి ఆల్ఫా కణం వదిలిన ప్రతిసారీ, వెనక్కి తన్నుకున్న బరువైన న్యూక్లియస్ చుట్టుపక్కల పరమాణువుల్ని చెల్లాచెదురు చేస్తుంది. కోట్ల ఏళ్ళు అలా జరిగితే బయట రాయి రాయిలాగే ఉంటుంది, లోపల వరస మొత్తం పోతుంది. దీన్నే మెటామిక్ట్ అంటారు. వరస లేకపోతే పీక్ ఎక్కణ్ణించి వస్తుంది?

కొలంబైట్‌లో అయితే ఆ వరస చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ప్రతి లోహ పరమాణువు చుట్టూ ఆరు ఆక్సిజన్లు, ఆ ఆరింటి గూళ్ళు ఒకదానికొకటి అంచులు కలుపుకుని వంకరటింకర గొలుసుల్లా పోతాయి. పొరలుగా చూస్తే ఒక పొర ఇనుము, మాంగనీసు, తర్వాత రెండు పొరలు నియోబియం, టాంటలం, మళ్ళీ ఇనుము పొర. ఈ మూడు పొరల లెక్క వల్లే ఒక వైపు సెల్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గడి) పొడవు 14.2 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి సెంటీమీటరులో పది కోట్లో వంతు) చిల్లర ఉంటుంది. లోహాలు కలగాపులగంగా కూర్చుంటే అది మూడో వంతుకి, అంటే 4.7 దగ్గరికి పడిపోతుంది. కాపర్ ట్యూబ్‌తో స్కాన్ కోణం 30 డిగ్రీల దగ్గర పెద్ద పీక్, వరసగా ఉన్నదానికీ కలగాపులగమైనదానికీ, రెండు రకాలకీ వస్తుంది కాబట్టి దాన్ని చూసి మురిసిపోకు, 12.4 దగ్గర చిన్న పీక్ ఉందా లేదా చూడు, పొరలు వరసలో ఉన్నాయని చెప్పేది అదే. నేను స్కాన్ 20 నుంచి మొదలుపెట్టించి దాన్ని మిస్సయ్యా, మళ్ళీ డబ్బులు కట్టాల్సొచ్చింది.

ఇక నీ రాయి సంగతి. మా మేడమ్ చెప్తే నా రెండో రాయి పొడిని మఫిల్ ఫర్నేస్‌లో (ల్యాబ్ కొలిమి) 1000 డిగ్రీల వేడి దగ్గర కాల్చా, మర్నాటి స్కాన్‌లో పీక్స్ లేచాయి. కాకపోతే గాలిలో కాలిస్తే ఇనుము, యురేనియం ఆక్సిడైజ్ అయిపోతాయి, వేడిని బట్టి ఏర్పడే ఫేజ్ (స్ఫటిక రకం) కూడా మారుతుంది, కాబట్టి తర్వాత కనిపించేదే అసలు స్ట్రక్చర్ అని రాసేయకు, పక్కన ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఏ మూలకాలున్నాయో చెప్పే ఎక్స్-కిరణాల పరీక్ష) కూడా చేయించి మూలకాలు చూసుకో. నూరేటప్పుడు మాస్క్ పెట్టుకో, రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ దగ్గర పెడితే నాది టకటకలాడింది, ఆ దుమ్ము పీల్చకూడదు. పొడి మొత్తం కాల్చేయకుండా సగం దాచుకో.