పొడిగుడ్డ పెట్టకండి: కారు రంగు గురించి మీ ప్రశ్నలు

ప్రశ్న: నల్ల రంగు కారు కొని రెండేళ్లయింది. డ్రైవరు రోజూ పొద్దున్నే పచ్చగుడ్డతో దుమ్ము తుడుస్తాడు, ఒక్కరోజు కూడా మానలేదు. అయినా ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు లాంటి సన్న గీతలు. వాటర్ సర్వీసింగ్ దగ్గర పాలిష్ కొట్టిస్తే పోయాయి గానీ, నెల తిరక్కుండా మళ్లీ వచ్చాయి. కంపెనీ రంగులోనే లోపం ఉందా?
– ఒక పాఠకురాలు, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: రంగులో ఏ లోపమూ లేదండీ. ఆ రోజువారీ తుడుపే ఈ గీతలు పెడుతోంది.

కారు రేకు మీద ముందు తుప్పు పట్టనివ్వని పూత, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన అద్దంలా ఉండే క్లియర్ కోటు ఉంటాయి. అన్నీ కలిపినా మందం 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లు మాత్రమే. మన తలవెంట్రుక మందమే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. వెంట్రుకకన్నా పలచని ఆ పొర మీదే కారు మెరుపంతా ఆధారపడి ఉంది. రోడ్డు దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, అది క్లియర్ కోటుకన్నా చాలా గట్టిది. పొడిగుడ్డతో తుడిస్తే ఆ రేణువులు గుడ్డ పోగుల్లో ఇరుక్కుని బానెట్ ఈ చివరి నుంచి ఆ చివరికి గీసుకుంటూ పోతాయి. గీతలు నిజానికి అన్ని దిక్కులా ఉంటాయి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ ఉన్నవే మెరుస్తాయి కనుక గుండ్రంగా తిరిగినట్టు కనిపిస్తాయి. నలుపు మీద మరీ స్పష్టంగా కనిపిస్తాయి, తెలుపు మీద అంతే ఉన్నా కంటికి ఆనవు.

పాలిష్ కొట్టించాక మళ్లీ ఎందుకు వచ్చాయంటే, సర్వీసింగ్ దగ్గర తొందర తొందరగా వేసే పాలిష్‌లలో చాలావాటిలో నూనె, మైనం ఉంటాయి. అవి గీతల్లో నిండి వాటిని కప్పుతాయి. నాలుగుసార్లు కడిగేసరికి ఆ నింపుడు పోయి పాత గీతలు బయటపడతాయి. పైగా మర్నాటి నుంచి పచ్చగుడ్డ ఎలాగూ మొదలైంది.

పొడి దుమ్ము దానంతట అది రంగును పాడుచెయ్యదు. వారం దాకా అలాగే వదిలేసి, వారానికోసారి ఇలా కడగమని డ్రైవరుకు చెప్పండి. నీడలో, బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. బకెట్లు రెండు కావాలి, ఒక్కోదానిలో 15 లీటర్ల నీళ్లు. ఒకదానిలో కారు షాంపూ సీసా మీద రాసిన కొలత ప్రకారం కలపాలి (చాలావాటికి 30 నుంచి 50 మి.లీ. సరిపోతుంది), రెండోది వట్టి నీళ్లు. చక్రాలు ముందే వేరే గుడ్డతో కడిగేసి, ఆ గుడ్డను మళ్లీ రంగు దగ్గరికి రానివ్వకూడదు. తర్వాత ఏమీ ముట్టుకోకుండా పైనుంచి కిందికి మూడు నాలుగు నిమిషాలు నీళ్లు పారించాలి. దుమ్ములో ఎక్కువ భాగం ఇక్కడే పోవాలి, అందుకని ఈ పనిలో తొందర పనికిరాదు. ఇక వేళ్లు వేళ్లుగా వేలాడే మైక్రోఫైబర్ తొడుగును షాంపూలో ముంచి టాపు, అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పైసగం, చివరికి డోర్ల కిందిభాగం, బంపర్లు. ఒక్కో భాగం అయ్యాక తొడుగును ముందు వట్టినీళ్ల బకెట్లో జాడించి పిండాలి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. సగం పనయ్యాక వట్టినీళ్ల బకెట్ అడుగున చెయ్యి పెట్టి చూడండి, ఇసుక గరగరమంటుంది. ఒకే బకెట్ వాడితే అదంతా మళ్లీ బానెట్ ఎక్కేదే.

ఆరబెట్టడానికి పెద్ద మైక్రోఫైబర్ టవలు పరిచి నెమ్మదిగా మీ వైపుకు లాగితే చాలు, రుద్దనక్కర్లేదు. టవలు నేల మీద పడితే ఉతికేదాకా దాన్ని పక్కన పెట్టేయండి. ఉతికేటప్పుడు బట్టల్ని మెత్తబరిచే ద్రవం వెయ్యకండి, పోగులు మూసుకుపోయి నీళ్లు పీల్చవు. సర్ఫ్ పొడి, గిన్నెల సబ్బు రంగు మీదున్న మైనాన్ని కడిగేస్తాయి. మెరుపు కోసం బకెట్లో కిరసనాయిలు చుక్కలు వేసే అలవాటు మన డ్రైవర్లలో ఇంకా ఉంది. ఆ మెరుపు నూనె జిడ్డుది. సాయంత్రానికి దుమ్మంతా దానికే అంటుకుంటుంది, తలుపుల రబ్బరు బీడింగూ దెబ్బతింటుంది.

ప్రశ్న: మా బోరు నీళ్లు ఉప్పు. కడిగి ఆరితే కారంతా తెల్ల చుక్కలు. మంచినీళ్ల ఆర్వో మిషను నుంచి వృథాగా పోయే నీళ్లు పట్టి కడిగితే చుక్కలు ఇంకా ఎక్కువయ్యాయి. మేం చేసిన తప్పేంటి?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: ఆర్వో మిషను మంచినీళ్లను ఒక గొట్టంలోకి పంపి, బోరు నీళ్లలోని లవణాలన్నీ చిక్కబడ్డ నీళ్లను రెండో గొట్టంలో బయటికి వదులుతుంది. ఆ రెండో గొట్టం నీళ్లు మీ బోరుకన్నా ఉప్పన. గచ్చు కడగడానికి పర్వాలేదు గానీ కారుకు వద్దు.

బోరు నీళ్లతోనే కడగండి, కానీ ఒక్క చుక్క కూడా రంగు మీద ఆరనివ్వకండి. ఒక పక్క కడిగి, జాడించి, వెంటనే తుడిచి, తర్వాత రెండో పక్కకు వెళ్లాలి. ఆఖరి జాడింపుకు ఏసీ గొట్టం నుంచి పడే నీళ్లు చాలా మంచివి. గాలిలో తేమ నీరైందే కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. ఉక్కపోత రోజుల్లో రాత్రంతా ఏసీ నడిస్తే తెల్లారేసరికి సగం బకెట్టుకు పైగానే పడుతుంది. గుడ్డతో వడగట్టి వాడండి. వాననీళ్లు పట్టుకున్నా ఇంతే మేలు.

ఇప్పటికే ఉన్న చుక్కలకు తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, గుడ్డ తడిపి చుక్క మీద ఒకటి రెండు నిమిషాలు ఆనించండి. సున్నపు మరక కరుగుతుంది. వెంటనే నీళ్లతో కడిగేయాలి, ఎండలో ఈ పని చెయ్యకూడదు. ఇత్తడి చెంబుకు పనికొచ్చింది కదా అని చింతపండు పెట్టి రుద్దకండి, పీచు, పులుపుతోపాటు అందులోని ఇసుకా గీస్తుంది. వెనిగర్‌కు లొంగకుండా చుక్క చుట్టూ గుంట కనిపిస్తే, మరక క్లియర్ కోటును తినేసిందని అర్థం. దానికి పాలిషే మార్గం.

ప్రశ్న: క్వారీ లారీల వెనక తిరిగే బండి మాది. రాతిపొడి నీళ్లు చింది గట్టిపడుతుంది. కడిగాక కూడా రంగు మీద చెయ్యి పెడితే గరుగ్గా తగులుతోంది.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ఎండిన రాతిబురదను గోకడం అంటే ఉప్పుకాగితం పెట్టినట్టే. షాంపూ నీళ్లలో తడిపిన గుడ్డ దాని మీద పది నిమిషాలు పరిచి, నానాక నీళ్ల ధారతో దింపండి.

కడిగాక మిగిలే గరుకు లోతుగా అంటుకున్నది. చేతికి పలచని పాలిథిన్ కవరు తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమిరి చూడండి, వట్టి వేళ్లకు అందని గరుకు కూడా తెలుస్తుంది. దీనికి క్లే బార్ అనే మెత్తటి బంకమట్టి ముద్ద దొరుకుతుంది. 50 గ్రాముల ముక్కను బిస్కెట్టులా నొక్కి, రంగు మీద షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, బరువు వెయ్యకుండా నిలువుగా జరపాలి. మొదట పట్టుపట్టినట్టు ఉండి కాసేపటికి జారిపోతుంది, అక్కడికి ఆ చోటు శుభ్రమైనట్టు. ముద్ద మురికయ్యాక మడిచి కొత్త ముఖం తిప్పండి. కింద పడితే మాత్రం ఎంత ఖరీదైనా పారెయ్యాల్సిందే, దానిలో దిగిన ఇసుక మళ్లీ రాదు. తారు చుక్కల్ని మాత్రం క్లేతో లాగకుండా ముందే తారు తీసే ద్రవంతో కరిగించండి. ఏడాదికి రెండుసార్లకు మించి క్లే అక్కర్లేదు. అది మైనాన్నీ తీసేస్తుంది కాబట్టి అదే రోజు కొత్త పూత వెయ్యాలి.

ప్రశ్న: చిన్న పాలిషింగ్ మిషను కొన్నాను. గీతలు ఇంట్లోనే తీసుకోవచ్చా? రబ్బింగ్ కాంపౌండ్ ఎంత వెయ్యాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు రోడ్డు, ఒంగోలు

జవాబు: ముందు మిషను ఏ రకమో చూడండి. ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగేదైతే డ్యూయల్ యాక్షన్, కొత్తవాళ్లకు అదే. గిర్రున ఒకే చోట తిరిగే రోటరీ మిషను ఒక్కచోట రెండు క్షణాలు ఎక్కువ ఆగితే రంగును కాల్చేస్తుంది.

గీత మీద గోరు అడ్డంగా ఆడించండి. గోరు పట్టుకుంటే ఆ గీత పాలిష్‌తో పోదు, దాన్ని వదిలేయండి. ఎందుకంటే మిషనుతో వేసే అసలు పాలిష్, సర్వీసింగ్ వాళ్ల నూనె పాలిష్‌లా గీతను నింపదు, గీత చుట్టూ ఉన్న క్లియర్ కోటును గీత అడుగు దాకా అరగదీస్తుంది. అరిగింది మళ్లీ పెరగదు. అందుకే ముందు మెత్తని ప్యాడ్, సన్న పాలిష్‌తో మొదలుపెట్టి, అది చాలకపోతేనే అంతకన్నా గరుకైన కాంపౌండ్ జోలికి వెళ్లాలి. ఇక్కడ క్రమం తలకిందులైతే సరిదిద్దుకోవడం కష్టం.

కడిగి, క్లే చేసిన కారు మీద డోరు అంచులు, బానెట్ మడతగీతలు, నల్ల ప్లాస్టిక్ భాగాలకు టేపు వెయ్యండి. అంచుల దగ్గర రంగు పలచగా ఉండి ముందు అక్కడే తెగుతుంది. రెండడుగుల చదరం ఒక్కటే తీసుకోండి. ప్యాడ్ మీద శనగగింజంత బొట్లు నాలుగు పెట్టి, మిషను ఆపి ఉంచే ఆ చదరమంతా అద్దండి. 1వ నంబరు మీద ఆన్ చేసి మందు పరచాక 4 లేదా 5కి పెంచి, క్షణానికి అంగుళం చొప్పున నడుపుతూ, ముందటి బాటను సగం కప్పుకుంటూ వెళ్లండి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, అలా నాలుగైదు దఫాలు. మిషను బరువు చాలు, దానికి తోడు కాస్త చెయ్యి. గట్టిగా నొక్కితే ప్యాడ్ తిరగడం ఆగి వట్టి అదురు మిగులుతుంది. ప్యాడ్ వెనక మార్కరుతో ఒక గీత గీసుకుంటే తిరుగుతోందో లేదో కనబడుతుంది.

తుడిచాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతుకు నీళ్లు నాలుగు వంతులు కలిపి ఆ చదరం మరోసారి తుడవండి. నూనె కప్పిన గీతలుంటే అప్పుడు బయటికొస్తాయి. ఫోను టార్చి ఏటవాలుగా పెట్టి చూసి, నచ్చితే ఇదే వరసలో మిగతా కారు చేయండి. ప్రతి చదరం తర్వాత ప్యాడ్‌ను బ్రష్‌తో దులపాలి, లేకపోతే ఎండిన మందే కొత్త గీతలు పెడుతుంది. ప్యాడ్‌కు కారు రంగు అంటుతోందంటే ఆ బండికి క్లియర్ కోటు లేదు, లేదా అక్కడ అరిగిపోయింది. వెంటనే ఆపండి. ఇలాంటి పాలిష్ ఏడాదికోసారి కాదు, గీతలు కళ్లకు బాధ పెట్టినప్పుడే. గీతల మీద టూత్‌పేస్టు రుద్దమనే చిట్కా మాటకు వస్తే, అది పళ్లకోసం చేసిన రాపిడి మందు, క్లియర్ కోటు మీద ఎంత అరుగుతుందో అంచనా ఉండదు.

ప్రశ్న: ఇల్లు బీచికి దగ్గర. ఉప్పుగాలికి సిరామిక్ కోటింగే మందంటున్నారు. వ్యాక్స్ చాలదా?
– ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: ఉప్పుగాలి బాగున్న క్లియర్ కోటును పెద్దగా ఏమీ చెయ్యదు. రేకు బయటపడ్డ చోటే పట్టుకుంటుంది. రాయి తగిలి రంగు చిట్లిన చుక్కలు, చక్రాల పైన వంపు అంచులు, డోర్ల అడుగు మడతలు. పై పూత ఏది వేసినా ఈ చోట్లను చూసుకోకపోతే డబ్బు వృథా. డోరు అడుగు అంచున నీళ్లు కారడానికి చిన్న చిన్న సందులుంటాయి. మట్టితో పూడుకుపోతే నీళ్లు డోరులోనే నిలిచి లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. నెలకోసారి చీపురుపుల్లతో తీసుకోండి. చిట్లిన చుక్కకు డ్రైవరు డోరు పక్క స్తంభం మీదో ఇంజను గదిలోనో ఉండే స్టిక్కరుపై కలర్ కోడ్ చూసి టచప్ రంగు తెప్పించండి. ఆల్కహాల్‌తో తుడిచి, పళ్లపుల్ల మొనతో పలచగా రెండు మూడు పూతలు, ఒకటి ఆరాక ఒకటి.

ఇక పూతల సంగతి. కార్నాబా మైనం మన ఎండకు నెల, నెలన్నర నిలుస్తుంది. సింథటిక్ సీలెంట్ అనే కృత్రిమ పూత నాలుగు నెలలకు పైన. సిరామిక్ ఏళ్ల తరబడి ఉంటుంది గానీ, దాని కింద మిగిలిన గీతలు కూడా అలాగే ఉండిపోతాయి. 9హెచ్ అని చెప్పే గట్టిదనం పెన్సిల్ గీత పరీక్షలోది. రాయి దెబ్బకు, పొడిగుడ్డకు అది అడ్డుపడదు, ఉప్పునీటి చుక్కలూ దాని మీద పడతాయి. రాయి దెబ్బ ఆపేది 150 మైక్రాన్లకు పైనుండే పీపీఎఫ్ (రంగు మీద అంటించే పారదర్శకమైన పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) ఒక్కటే. మా సలహా: నాలుగు నెలలకోసారి సీలెంట్, వారానికోసారి కారు అడుగున మంచినీళ్ల ధార.

ప్రశ్న: ఆయుధపూజకు పెట్టిన పసుపు తెల్ల కారు మీద మరకైంది. సబ్బు పెడితే ఎర్రబడింది!
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: కంగారు పడకండి. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడి కుంకుమ అయినట్టే, సబ్బులోని క్షారానికి కూడా ఎర్రబడుతుంది. వెనిగర్ నీళ్లతో తుడిస్తే మళ్లీ పచ్చబడుతుంది, తర్వాత కారు షాంపూతో కడగండి. మిగిలిన ఛాయ కొన్నాళ్ల ఎండకు దానంతట అది వెలిసిపోతుంది. ఈసారి పూజకు రెండు రోజుల ముందు మైనం వేసి, బొట్టు అద్దం మీద పెట్టండి. కర్పూరం పళ్లెం బానెట్ మీద మాత్రం పెట్టొద్దు.

ప్రశ్న: చెట్టు కింద ఆపితే కొంగల రెట్ట. పక్షి రెట్ట తుడిచినా మచ్చ మిగులుతోంది.
– ఒక పాఠకుడు, గూడూరు

జవాబు: రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. దానికి తోడు ఎండకు క్లియర్ కోటు మెత్తబడి వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లబడి ఎండిన రెట్ట చుట్టూ బిగుసుకుంటుంది. ఆ అంచే మచ్చ. రోహిణి ఎండల్లో ఒక్క పూట చాలు. కారులో అరలీటరు నీళ్ల స్ప్రే సీసా, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఉంచుకోండి. రెట్ట మీద నీళ్లు కొట్టి, తడి కాగితం పది నిమిషాలు కప్పి, పైకి ఎత్తెయ్యండి. హైవే మీద బంపరుకు అంటుకునే పురుగులకూ ఇదే పద్ధతి.

ప్రశ్న: డోరుకు లప్పం పెట్టి కొత్త రంగు వేయించాం. వెంటనే వ్యాక్స్ వెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: ఆగండి. ఫ్యాక్టరీలో వట్టి బాడీని 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు కాబట్టి కొత్త కారుకు మొదటి రోజే మైనం వెయ్యొచ్చు. షెడ్డులో మాత్రం వైర్లు, ప్లాస్టిక్ ఉన్న బండిని 60 డిగ్రీల దాకానే వేడి చేస్తారు, అందుకే ఆ రంగులోని థిన్నరు ఆవిరి వారాల తరబడి బయటికి పోతూనే ఉంటుంది. రంగు వేసినవారు వేరే గడువు చెప్పకపోతే 60 రోజులు మైనం, సీలెంట్, సిరామిక్ ఏవీ వద్దు. మొదటి వారం నీళ్లు కూడా పొయ్యకుండా ఉంటే మంచిది, ఆ తర్వాత నీడలో మెత్తగా కడుక్కోవచ్చు.