తాతగారి తుపాకీ ఎంత చేస్తుంది?

ప్రశ్న: భీమిలిలో మా తాతగారి పెంకుటిల్లు విప్పిస్తుంటే అటక మీద గోనెపట్టాలో చుట్టిన పొడవాటి తుపాకీ దొరికిందండీ. ట్రిగ్గర్‌కి పైన ఇనుప రేకు మీద కిరీటం బొమ్మ, వి.ఆర్. అనే అక్షరాలు, 1856, టవర్ అని ఉన్నాయి. పాత సామాన్లవాడు అయిదు వేలంటున్నాడు, మా తమ్ముడేమో అమెరికాలో ఇలాంటివి లక్షల్లో పోతాయంటున్నాడు. లైసెన్సు కాగితాలేవీ కనబడలేదు. దీని విలువ ఎలా తెలుస్తుంది?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రేటు తర్వాత చూద్దాం గానీ అమ్మా, ముందు పిల్లల్ని దాని దగ్గరికి రానివ్వకండి. వి.ఆర్. అంటే విక్టోరియా రాణి. గుర్తుల్ని బట్టి ఇది 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్ అయ్యుండొచ్చు, 1857లో సిపాయిలు తిరగబడ్డ కొవ్వు తూటాల గొడవ ఈ రకం తుపాకీ గురించే. మూతి నుంచి మందూ గుండూ వేసి చువ్వతో దట్టించి కాల్చేవారు. అలా దట్టించి కాల్చకుండా వదిలేసినవి కూడా పాత ఇళ్లలో దొరుకుతుంటాయి, కాబట్టి గొట్టంలోకి కన్ను పెట్టి చూడకండి.

ఇక టెన్షన్ పడకుండా, అలాగని నాన్చకుండా, స్టేషన్‌కి ఫోన్ చేసి విషయం చెప్పండి. మీరే ఆటోలో వేసుకుని వెళ్లొద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని తుపాకీని స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేయాలి, రసీదు మాత్రం అడిగి తీసుకోండి. బాగు చేయించినా పేలని పాతవాటికి మినహాయింపు ఉంది, కానీ అది తేల్చాల్సింది మీరూ నేనూ కాదు. పాత సామాన్లవాడికి అమ్మారో, కేసు మీ మీదికే వస్తుంది.

తమ్ముడి అమెరికా లెక్క ఇక్కడ చెల్లదు. వందేళ్లు దాటిన పురావస్తువును 1972 చట్టం ప్రకారం మనం బయటి దేశానికి పంపకూడదు, అంటే కొనేవాళ్లు ఇక్కడివాళ్లే, అదీ లైసెన్సున్నవాళ్లే. వాళ్లు చూసేది కొయ్య, గొట్టం, గుర్రం (ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి) మొదట్లో బిగించినవేనా, రేకు మీద అక్షరాలు చెరగకుండా ఉన్నాయా అని. నాకు తెలిసిన ఒకాయన ముచ్చటపడి ఇత్తడి భాగాల్ని చింతపండుతో తోమి, గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్ది తళతళలాడించాడు, గుర్తులన్నీ పోయి అది ఇనుప ముక్కై కూర్చుంది. మీరు గుడ్డతో కూడా తుడవకండి.

అప్పగించేలోపు తాకకుండా రేకుకి, కొయ్య మీది ముద్రలకి దగ్గరగా ఫొటోలు తీసుకోండి. డీలర్ అయినా, పాత ఆయుధాల గురించి తెలిసినవాళ్లయినా వాటిని చూసే మొదటి మాట చెప్పగలరు. బీచ్ రోడ్డులో డచ్చివారి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో పాతకాలపు ఆయుధాలున్నాయి, ఓ సాయంత్రం ఆ ఫొటోలు పట్టుకుని వెళ్లి అక్కడివాళ్లకి చూపించండి.