ముందు అమ్మాలా, ముందు కొనాలా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో 2012 జూన్‌లో రిజిస్ట్రేషన్‌తో కలిపి 32 లక్షలకు కొన్న రెండు పడక గదుల ఫ్లాటు నా పేరు మీద ఉంది. దానిపై ఇంకా 9 లక్షల రుణం మిగిలింది. మా ఇద్దరి జీతాలు కలిపి నెలకు 1.35 లక్షలు చేతికొస్తాయి. బ్యాంకులో 14 లక్షలు దాచుకున్నాం. మా మామగారు మా దగ్గరికి వచ్చేస్తున్నారు. అందుకని బాచుపల్లిలో నాలుగేళ్ల కిందట కట్టిన మూడు పడక గదుల ఫ్లాటు చూశాం, 1.20 కోట్లు చెబుతున్నారు. మాది 82 లక్షలకు అడుగుతున్నారు. 90 వచ్చేదాకా ఆగమని తమ్ముడు అంటున్నాడు. బంగారం కుదువపెట్టయినా ముందు కొత్తదానికి బయానా ఇచ్చేయమని మధ్యవర్తి తొందరపెడుతున్నారు. అమ్మాయి బడి తెరిచేలోపు మారాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ ఫ్లాటు అమ్మకానికి అగ్రిమెంటు రాసుకోండి, ఆ తర్వాతే కొత్తదానికి బయానా ఇవ్వండి. 90 లక్షల కోసం మాత్రం ఆగకండి.

మీ తమ్ముడు మీ మేలు కోరే ఆ మాట అన్నాడు కానీ, మీరు అమ్మి ఊరుకునేవారు కాదు, అమ్మిన చోటే మళ్లీ కొనేవారు. ధరలు పది శాతం పెరిగితే మీ ఫ్లాటు మీద 8 లక్షల 20 వేలు ఎక్కువ వస్తాయి, నిజమే. అదే పది శాతం బాచుపల్లి ఫ్లాటు మీద 12 లక్షలు. అంటే ఆగినందుకు మీకు దాదాపు 4 లక్షలు నష్టం. చిన్న ఇంటి నుంచి పెద్ద ఇంటికి మారేవారికి ధరల పరుగు ఎప్పుడూ భారమే. బేరం అటూ ఇటూ సమానంగా ఉన్న ఇలాంటి రోజులే మీకు అనుకూలం. మీ ఇంటికి మూడు శాతం తగ్గించినా పోయేది రెండున్నర లక్షలు. అవతల అదే మూడు శాతం తగ్గించుకుంటే 3.60 లక్షలు మిగులుతాయి. కాబట్టి మీ ఇంటికి 90 రాలేదని బాధపడే బదులు ఆ పట్టుదలను కొనే బేరంలో చూపించండి.

సమానంగా ఉందో లేదో తెలుసుకోవడానికి పెద్ద నివేదికలు అక్కర్లేదు. మీ అపార్టుమెంటులోనూ పక్క వీధిలోనూ ఈ ఆరు నెలల్లో అమ్ముడైన మూడు నాలుగు ఫ్లాట్ల సంగతి వాచ్‌మన్‌ను, సంఘం కార్యదర్శిని అడగండి. మొదట ఎంత చెప్పారు, చివరికి ఎంతకు తెగింది, ఎన్నాళ్లు పట్టింది? అడిగిన ధరకు కాస్త తక్కువలో రెండు మూడు నెలల్లో తెగుతుంటే ఇరుపక్షాలకూ సమాన బలం ఉన్నట్టే.

ఇక ముందు కొనే మాట. 75 లక్షలు దాటిన గృహరుణానికి బ్యాంకులు ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం. అంటే 90 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అది మరో 9 లక్షలు. పాత ఫ్లాటు అమ్మకుండా కొనాలంటే మీ చేతిలో కనీసం 39 లక్షలు ఉండాలి, ఉన్నవి 14. పైగా 8 శాతం వడ్డీకి 90 లక్షల మీద ఇరవై ఏళ్ల కిస్తీ నెలకు 75 వేలు దాటుతుంది, పాత కిస్తీ దానికి అదనం. మీ జీతాలకు అంత రుణం ఇవ్వడానికి బ్యాంకే వెనకాడుతుంది. అప్పుడు బంగారం పెట్టి ఇచ్చిన బయానా అక్కడే ఇరుక్కుంటుంది.

అమ్మి కొంటే లెక్క వేరు. 82 లక్షలకు మీ పొదుపు కలిపి, పాత రుణం 9 లక్షలు, కమీషను తీసేస్తే 86 లక్షలు. కొత్త ఇంటికి రిజిస్ట్రేషన్, కమీషను, కాస్త చెక్కపనితో 133 లక్షలు. అత్యవసరాలకు 5 లక్షలు పక్కన పెట్టుకున్నా 52 లక్షల రుణం చాలు. 8 శాతం మీద కిస్తీ 43,500 దగ్గర ఉంటుంది, ఇంటి ఆదాయంలో మూడో వంతులోపే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఆమధ్య ఒక జంట కళ్లనీళ్లతో నా దగ్గరికి వచ్చారు. వాళ్ల ఫ్లాటుకు మంచి ధర కుదిరింది. కొనేవారి బ్యాంకు అసలు దస్తావేజులు చూపించమంది. అవేమో వీళ్ల రుణం ఉన్న బ్యాంకులో, ఊరి అవతల గోదాములో ఉన్నాయి. డబ్బు అందితే గాని వీళ్ల బ్యాంకు కాగితాలు ఇవ్వనంది, కాగితాలు చూడనిదే కొనేవారి బ్యాంకు డబ్బు పంపనంది. రెండు బ్యాంకుల మధ్య రాతకోతలు నడుస్తుండగానే అగ్రిమెంటు గడువు దాటింది, కొనేవారు ఇంకో ఇల్లు చూసుకున్నారు. ఆ అమ్మకాన్ని నమ్ముకుని వీళ్లు ఇంకోచోట ఇచ్చిన బయానా పోయింది.

మీకు ఆ అవస్థ రాకూడదు. మీ పొదుపులోంచి 9 లక్షలు ఇప్పుడే కట్టి రుణం మూసేయండి. చర వడ్డీ (మారుతూ ఉండే వడ్డీ) గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు జరిమానా ఉండదు. రుణం తీరిన 30 రోజుల్లో బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగివ్వాలి, తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం ఇవ్వాలి. తనఖా రిజిస్టరై ఉంటే దాని విడుదల కూడా రిజిస్టరు చేయించి, కొత్త ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీసి చూసుకోండి. దస్తావేజులు చేతిలో ఉన్న ఫ్లాటుకు కొనేవారు త్వరగా దొరుకుతారు.

అగ్రిమెంటులో రెండు మాటలు రాయించండి. అమ్మే చోట: రిజిస్ట్రేషన్ తర్వాత నలభై అయిదు రోజులు అద్దె ఇచ్చి అక్కడే ఉండే వీలు. కొనే చోట: బ్యాంకు రుణం మంజూరు కాకపోతే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతు. మీకు వచ్చిన బయానానే అటు బయానాగా వెళ్లాలి, బంగారం బీరువాలోనే ఉండాలి.

పన్ను గురించి భయం వద్దు. మీ లాభం 50 లక్షలు, అంతకన్నా ఎక్కువ పెట్టి రెండేళ్లలోపు మరో ఇల్లు కొంటున్నారు కాబట్టి ఆ లాభంపై పన్ను పడదు. కొత్త దస్తావేజులో మీ పేరు తప్పక ఉండాలి, ఆ ఇంటిని మూడేళ్ల దాకా అమ్మకూడదు. ఏ కారణం వల్లనైనా కొనలేకపోతే రెండు దారులున్నాయి: ధరల పెరుగుదల సూచీ ప్రకారం కొన్న ధరను పెంచి చూపకుండా 12.5 శాతం అంటే 6.25 లక్షలు, సూచీతో పెంచి చూపితే 20 శాతం. 2025-26 సూచీతో చూస్తే రెండోది 4.37 లక్షల దగ్గర తేలుతుంది, మీకు అదే చవక. మీ దగ్గర కొనేవారు ఒక శాతం పన్ను మినహాయించి కడతారు, రిటర్నులో దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. కొంత నగదుగా ఇస్తామంటే దయచేసి ఒప్పుకోకండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంతకు అంత జరిమానా పడవచ్చు.

ఈ ఏడాది, అంటే 2026, పంచాంగం కూడా చూసుకోవాలి. ఉగాది మార్చి 19న. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, జులై మధ్య నుంచి ఆషాఢం. అధిక మాసంలో రిజిస్ట్రేషన్లకు, గృహప్రవేశాలకు చాలామంది వెనకాడతారు. అందుకని ఈ వారమే రుణం మూసివేతకు దరఖాస్తు పెట్టండి. ఉగాది తర్వాత ఇల్లు చూపించడం మొదలుపెట్టి ఏప్రిల్ నెలాఖరుకు అగ్రిమెంటు, మే మొదటి పక్షానికి రిజిస్ట్రేషన్ అనుకోండి. అప్పటికి బేరం తెగకపోతే అమ్మాయిని ఇంకో నెల పాత ఇంటి నుంచే బడికి పంపి, జూన్ 16 తర్వాత నిజ జ్యేష్ఠంలో పూర్తి చేసుకోండి. బాచుపల్లి నుంచి కూకట్‌పల్లికి రోజూ బస్సు పంపే బడులు ఉన్నాయి, మీ అమ్మాయి బడి కూడా పంపుతుందేమో ముందే అడిగి పెట్టుకోండి.