తొడిమలు తీసేవాళ్ల దగ్గరికి వెళ్లేముందు

చి. చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు గుంటూరులో రూము తీసుకున్నావనీ, మిర్చి తొడిమలు తీసే ఆడకూలీల అప్పుల మీద పరిశోధన మొదలుపెట్టి, సాయంత్రాలు వాళ్ల పిల్లలకు చదువు చెబుతావనీ మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. బ్యాంకు కోచింగుకి కట్టిన డబ్బు గంగలో పోశావని దాని బాధ. నేను మాత్రం ఫోన్ పెట్టేసి, పక్కింటావిడ దగ్గరికి పనిగట్టుకుని వెళ్లి మా పిల్ల ఇలాంటి పనిలో దిగిందని చెప్పుకొని వచ్చాను. రాత్రి పడుకున్నాక మొదలైంది టెన్షన్.

చిన్నవి ముందు చెప్పేస్తాను. నూలు చున్నీ ముక్కుకి కట్టుకో. ఆ ఘాటు వాళ్లకి అలవాటైందని నీకూ అవుతుందనుకోకు. అదే చేత్తో కళ్లు తుడుచుకోకు. చీకటి పడ్డాక ఒక్కదానివే ఆటో ఎక్కకు. ఎవరికీ హామీ సంతకం పెట్టకు, ఎంత ఏడ్చినా సరే. డబ్బు దాచిపెట్టమని ఇస్తే పుచ్చుకోకు, పోస్టాఫీసుకి వెంటబెట్టుకెళ్లి వాళ్ల పేరునే వేయించు.

రోజుకూలి ఎంత అని అడిగితే నీకు వచ్చేది ఉత్త అంకె. వాళ్లకి లెక్క కిలోల మీద. చేతివేగం ఉన్న పిల్లకీ, చూపు తగ్గిన ముసలామెకీ ఒకే రోజున వచ్చేది ఒకటి కాదు. మిర్చి యార్డుకి సరుకు ముమ్మరంగా వచ్చే మార్చిలో ఒక మాట చెబుతారు, ఎండలకి యార్డు సెలవులిచ్చాక ఇంకో మాట. రెండుసార్లూ వెళ్లు. మీ గైడు ఒక్కసారి చాలన్నారంటే అది ఆయన సౌకర్యం కోసం.

ఇక అప్పుల సంగతి. ఇది నిదానంగా చదువు.

నేను విజయవాడ చిట్టినగర్ దగ్గర కొండమీద రాత్రిబడి నడిపే రోజుల్లో, పేదలకి చిన్నచిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలవాళ్లు మెట్లెక్కి వచ్చి మరీ ఇచ్చేవాళ్లు. అప్పుడొక సర్వే బృందం వచ్చింది. మంచి పిల్లలే, చెప్పులు బయట విడిచి కూర్చున్నారు. ఒకావిడ అరుగు మీద చేటలో బియ్యం ఏరుకుంటోంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు. 'మీకు ఎన్ని అప్పులున్నాయమ్మా?' అని అడిగారు. ఆవిడ పక్కవాళ్ల మొహాలు ఒకసారి చూసి, ఒళ్లో ఉన్న పాసుపుస్తకం చేట కిందకి నెట్టి, 'ఒకటేనండి' అంది. వాళ్లు ఒకటని రాసుకుని పక్కింటికి పోయారు.

ఆవిడకి మూడున్నాయి. మంగళవారం ఒక వాయిదా, గురువారం ఒకటి, శనివారం ఇంకొకటి. ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కట్టేది. చుట్టూ కూర్చున్నదెవరనుకున్నావు? ఆవిడతో కలిసి అప్పు తీసుకున్న గ్రూపువాళ్లే. ఆవిడ కట్టకపోతే ఆ వాయిదా వాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్ల ఎదుట ఏ ఆడది నిజం చెబుతుందే? తర్వాత ఆ పిల్లలే వచ్చి రిపోర్టు చదివి వినిపించారు: ఇంటికి సగటున ఒక అప్పు, వాయిదాలు సక్రమం. కొన్ని నెలలకి అదే గ్రూపువాళ్లు పొద్దున్నే ఆ అరుగు మీదే బైఠాయించారు. ఇత్తడి బిందెలు అమ్మి ఆ వారం గట్టెక్కింది. మరో నెలకి ఇల్లు తాళం వేసి ఉంది. ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలియదు.

2006లో కృష్ణా జిల్లా అధికారులు 50 దాకా మైక్రోఫైనాన్స్ శాఖలు మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చి, వసూళ్ల కోసం వేధించకూడదంది. ఇవన్నీ నీ పుస్తకాల్లో ఉంటాయి. ఆ చేట కింద పాసుపుస్తకం ఏ పుస్తకంలోనూ ఉండదు కాబట్టి రాస్తున్నాను.

అందుకని ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు. ఎన్ని అప్పులని అడక్కు. 'వారంలో ఏయే రోజుల్లో డబ్బుకి ఇబ్బంది పడతావు?' అను. రోజులు లెక్కపెడితే అప్పులు అవే తేలతాయి. కూలీల మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్లకు, వాళ్లకి అడ్వాన్సు ఇచ్చింది ఆయనే అయితే ఇక ఎవరూ నోరు విప్పరు. నోట్‌బుక్కులో పేర్లు రాయకు, నంబర్లు వేసుకో. ఆ పుస్తకం ఎవరింట్లోనూ వదిలి రాకు. నాకు నీ మీద కంటే ఆ నోట్‌బుక్కు మీదే భయం. నీకు జ్వరమొస్తే నేను బస్సెక్కి వస్తాను, ఆ కాగితం వాయిదాలు వసూలు చేసేవాడి చేతిలో పడితే ఎవరం ఏమీ చేయలేం.

చదువు పిల్లలకే ఎందుకు? అమ్మల్నీ కూర్చోబెట్టు. తూకం చీటీ చదవడం, వేలిముద్ర వేసేముందు వడ్డీ ఎంతో చూసుకోవడం నేర్పు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లే సారా అమ్మకం ఆపించారు. 1992లో ఆ గొడవ జిల్లా అంతా పాకింది. మరుసటి ఏడాది అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధించారు. ఏం ఆపాలో వాళ్లే తేల్చుకున్నారు. నువ్వూ ముందే ఒకటి అనుకుని వెళ్లకు.

రాసింది యూనివర్సిటీకి ఇచ్చేముందు వాళ్లకి చదివి వినిపించు. 'ఇది అబద్ధం' అంటే కొట్టెయ్యి, మార్కులు తగ్గితే తగ్గాయి.

మీ అమ్మతో నేను మాట్లాడతానులే. దాని కోపం పండక్కి నువ్వొచ్చేదాకానే. ఆదివారం విజయవాడ వస్తే ఆ ప్రశ్నల కాగితం పట్టుకురా, గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను. కాగితం మీ పెదనాన్నకి మాత్రం చూపించకు, ఆయన అన్నిటికీ బాగుందనే అంటారు.

మీ పెద్దమ్మ