జ్వరం తగ్గాక ఒంటి మీద ఎర్ర మచ్చలు: తట్టేనా?

మూడు రోజులు 103 జ్వరం, అది దిగిన పూటే పది నెలల బాబు ఛాతీ మీద, వీపు మీద గులాబీ రంగు మచ్చలు లేచాయి, ఇది తట్టా, లేక వాడిన యాంటీబయాటిక్ పడలేదా అని అడిగారు కదా. ఈ వరస చూస్తే రోజియోలాలా (పసిపిల్లలకి వైరస్ వల్ల వచ్చే జ్వరం, అది దిగాక మచ్చలు లేస్తాయి) ఉంది.

తట్టు అయితే మచ్చలు లేచేటప్పుడు జ్వరం ఇంకా ఎక్కువగా ఉంటుంది. దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం ఉంటాయి. మచ్చలు ముఖం మీద, చెవుల వెనక మొదలై కిందికి దిగుతాయి.

మచ్చలు ప్రమాదకరమైనవేమో చూడటానికి చాలామంది చేయకుండా వదిలేసేది గ్లాసు పరీక్ష:

1. రంగు లేని, అవతలిది స్పష్టంగా కనిపించే గాజు గ్లాసు పక్క భాగాన్ని మచ్చ మీద గట్టిగా నొక్కండి.
2. నొక్కి ఉంచి, గాజులోంచే చూడండి. రోజియోలా మచ్చ పాలిపోతుంది, తీయగానే మళ్లీ ఎర్రబడుతుంది.
3. పాలిపోకుండా ఎర్రగానో ఊదాగానో నిలిచిపోతే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.
4. ఒళ్లు చామనఛాయ అయితే అరచేతులు, అరికాళ్లు కూడా చూడండి, అక్కడ తేలిగ్గా కనిపిస్తుంది.
5. ఇప్పుడు పాలిపోయినా, బాబు నలతగా ఉంటే కొన్ని గంటలకోసారి మళ్లీ చేయండి.

రోజియోలాకి మందు, పూత ఏవీ అక్కర్లేదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో అవే పోతాయి. పాలు ఎక్కువసార్లు పట్టండి. ఆస్పిరిన్ మాత్రం వద్దు.

ఇక యాంటీబయాటిక్ సంగతి: అది బాబుకి పడదన్న (అలర్జీ) ముద్ర మీరే వేసేయకండి. మందు వేసిన, మచ్చలు లేచిన తేదీలు, మచ్చల ఫోటో డాక్టరుకి చూపించి అడగండి. పెదాలు వాచినా, ఊపిరి కష్టమైనా, లేవకుండా మత్తుగా పడి ఉన్నా అది అత్యవసరమే.