గంజాయి సంగతి ఫామ్‌లో రాయాలా?

ప్రశ్న: మేం వర్జీనియాలో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, కంప్యూటర్ సైన్స్ మూడో ఏడు చదువుతున్నాడు. ఒక డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర ఇంటర్న్‌షిప్ వచ్చింది, సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతి) కావాలట. డార్మ్‌లో కొన్నిసార్లు గంజాయి గమ్మీలు తిన్నానని, పరీక్షలప్పుడు రూమ్‌మేట్ దగ్గర అడరాల్ మాత్ర (ఏకాగ్రత కుదరనివాళ్లకు డాక్టర్ రాసే మందు) తీసుకున్నానని ఇప్పుడు బయటపెట్టాడు. ఎవరికీ తెలియదు కదా అని ఫామ్‌లో ‘లేదు’ అని రాయమన్నాం. సరేనా? అసలు ఈ దారి మంచిదా, మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీ మంచిదా? – ఒక తల్లి

జవాబు: సరి కాదమ్మా. గమ్మీలు తినడం అబ్బాయి తప్పు. ‘లేదు’ అని రాయమనడం మీ తప్పు. క్లియరెన్స్ ఇచ్చేవాళ్ల లెక్కలో రెండోదే బరువైనది.

క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫామ్‌లో 23వ సెక్షన్ డ్రగ్స్ గురించే. గత ఏడేళ్లలో వాడారా అని అడుగుతుంది. వర్జీనియాలో 21 దాటినవాళ్ల దగ్గర కొద్దిపాటి గంజాయి ఉంటే నేరం కాదు, నిజమే. కానీ ఫామ్ ఫెడరల్ ప్రభుత్వానిది. రాష్ట్రం ఒప్పుకున్నా రాయాల్సిందేనని అందులోనే ఉంటుంది. డాక్టర్ మందులను దుర్వినియోగం చేశారా అన్న ప్రశ్న కూడా అక్కడే ఉంది. మీరు ‘మాత్ర’ అని ఒక్క ముక్కలో దాటేశారు గానీ, రూమ్‌మేట్ పేరు మీద రాసిన అడరాల్ మింగడం కచ్చితంగా దాని కిందికే వస్తుంది. గంజాయి గురించి రాసి దీన్ని వదిలేసే పిల్లలను చాలామందిని చూశాను.

నిజం చెబితే ఆ జవాబును తర్వాత క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడబోమని ఆ సెక్షన్‌లోనే హామీ ఉంది. తెలిసి అబద్ధం రాస్తే మాత్రం అదే ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఎవరికీ తెలియదంటారా? రూమ్‌మేట్‌కి తెలుసుగా! రేపు ఇన్వెస్టిగేటర్ తలుపు తట్టేది ఆ కుర్రాడిదే కావచ్చు.

పాత వాడకం ఒక్కటే చూసి తలుపు మూసేయరు. ఎంతకాలం అయింది, ఎన్నిసార్లు, ఆ సావాసం వదిలాడా, ఇకపై ముట్టనని సంతకం పెడతాడా, ఇవన్నీ కలిపి తూచుతారు. పాత గంజాయి వాడకాన్ని పరిగణించాలే తప్ప దాంతోనే తేల్చేయకూడదని 2021 డిసెంబరులో నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ కూడా సూచించారు. ఇప్పటికీ వాడుతున్నవాళ్లకు మాత్రం చట్టం ప్రకారమే ఇవ్వరు. కాబట్టి ‘చివరిసారి’ అంటూ ఇంకో పార్టీకి వెళ్లకుండా చూసుకోమనండి.

మీ అసలు టెన్షన్ వేరే ఉందని నాకు తెలుసు. ఇరుగుపొరుగును అడుగుతారట, గుడి దగ్గర మనవాళ్లందరికీ తెలిసిపోతుందేమోనని. టాప్ సీక్రెట్ స్థాయిలో అలా అడగడం మామూలే. కానీ అబ్బాయి ఏం రాశాడో వాళ్లకు చెప్పరు. ఇంకోమాట, కోపం తెచ్చుకోకండి. ఈ వయసు పిల్లాడు అమ్మానాన్నలతో ఇది చెప్పుకోవడం చిన్న విషయం కాదు. బదులుగా మీరిచ్చిన సలహా అబద్ధం ఆడమని! ఆ గమ్మీల వల్ల అతని జీవితమేమీ పాడైపోలేదు. క్లియరెన్స్ రాకపోయినా పాడైపోదు.

ఇక మీ రెండో ప్రశ్న. లేఆఫ్‌ల భయంతో మన తల్లిదండ్రులు కొందరు క్లియరెన్స్ వస్తే సర్కారు కొలువు వచ్చినట్టే అనుకుంటున్నారు. నాకంత నమ్మకం లేదు. మనంతట మనం తెచ్చుకునేది కాదది, కంపెనీయో ప్రభుత్వ సంస్థో స్పాన్సర్ చేయాలి. కాంట్రాక్టు పోతే ఉద్యోగమూ పోవచ్చు. రెండేళ్లు వాడుకోకపోతే క్లియరెన్స్ మురిగిపోవచ్చు. ఆఫర్ చేతికొచ్చాక కూడా నెలల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. కొన్నిచోట్ల ఫోన్ బయట పెట్టి లోపలికి వెళ్లాలి, వర్క్ ఫ్రమ్ హోమ్ ఊసే ఉండదు. ఇండియా వెళ్లినప్పుడల్లా ముందే తెలియజేయాలి. రేపు మీరు గుంటూరు సంబంధం చూస్తే ఆ అమ్మాయి వివరాలూ ఇవ్వాలి! మామూలు కంపెనీలో ఈ తంటాలేవీ లేవు. అబ్బాయికి ఆ పని మీద నిజంగా ఇష్టముంటే వెళ్లనివ్వండి, మీ భయం తీరడానికైతే వద్దు.

వెళ్తానంటే ఫామ్ అతన్నే నింపనివ్వండి, మీరు పక్కన కూర్చోకండి. తేదీలు సరిగ్గా గుర్తులేకపోతే సుమారు అని టిక్ పెట్టే గడి ఉంటుంది. క్లియరెన్స్ నిరాకరించే పరిస్థితి వస్తే కారణాలు రాసి ఇస్తారు, వాటికి జవాబు చెప్పి జడ్జి ముందు విచారణ కోరవచ్చు. కాంట్రాక్టర్ కేసుల తీర్పులను పేర్లు తీసేసి రక్షణ శాఖ ఆన్‌లైన్‌లో పెడుతుంది. ఈ విచారణలు జరిపే ఆ శాఖ ఆఫీసు పేరు డోహా (DOHA). డోహా తీర్పులు అని వెతికి, మీరూ మీవారూ ఈ వారంలో రెండు మూడు చదవండి.