డైవింగ్ కొత్తగా నేర్చుకుని కరీబియన్ వెళ్తున్నారా? గది కన్నా ముందు ఒడ్డు చూడండి

మీరు రాసిన సంగతి ఇదీ: ఏప్రిల్‌లో టెక్సాస్ చెరువులో ఓపెన్ వాటర్ సర్టిఫికెట్, అంటే డైవింగ్‌లో మొదటి మెట్టు, తెచ్చుకున్నారు. సముద్రంలో ఇంకా దిగలేదు. డిసెంబర్ చివర్లో వారం సెలవు దొరికింది. మీ వారికి డైవింగ్ రాదు, నీటి పైనే తేలుతూ గొట్టంతో ఊపిరి తీసుకునే స్నార్కెలింగ్ ఇష్టం. మెక్సికోలోని కొజుమెల్, హోండురాస్‌లోని రొయాటాన్, బెలీజ్, బొనేర్‌లలో ఎక్కడికి, ఏ రిసార్ట్‌కు వెళ్లాలని అడిగారు. మీ స్థానంలో నేనుంటే కళ్లు మూసుకుని బొనేర్ ఎంచుకుంటాను. అక్కడ కూడా గది ఎంత బాగుందన్నది తర్వాత చూస్తాను. ముందు రిసార్ట్ ఎదురుగా ఉన్న నీళ్లలోకి మెట్లు దిగి నేరుగా వెళ్లవచ్చా లేదా అన్నది చూస్తాను.

కారణం చెబుతాను. కొత్తగా నేర్చుకున్నవారికి అన్నిటికన్నా అవసరమైనది నీళ్లలో తీరిగ్గా గడిపే సమయం. పడవ మీద వెళ్తే ఆ తీరిక దొరకదు. పొద్దున్నే పడవ బయలుదేరుతుంది, రెండు డైవ్‌లు, మధ్యలో కాసేపు విరామం, మధ్యాహ్నానికి వెనక్కి. పక్కనున్నవారికి ఏళ్ల అనుభవం ఉంటుంది. వాళ్లు నిమిషంలో సిద్ధమై దూకుతారు. మీరు మాస్క్ పట్టీ సర్దుకుంటుండగానే అందరి చూపూ మీ మీద ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ కంగారులో ఊపిరి వేగం పెరుగుతుంది, సిలిండర్ త్వరగా ఖాళీ అవుతుంది. అదే రిసార్ట్ ముందున్న రీఫ్ (పగడపు దిబ్బ) అయితే, నీటి ఒత్తిడికి చెవి సర్దుకోకపోతే పైకి వచ్చి పది నిమిషాలు ఆగి మళ్లీ దిగవచ్చు. మాస్క్‌లో నీళ్లు వచ్చాయని ఒడ్డుకు తిరిగి రావచ్చు. ఎవరికీ సమాధానం చెప్పనక్కరలేదు.

మీ విషయంలో ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది: బరువులు, అంటే మునగడానికి ఒంటికి కట్టుకునే సీసపు ముక్కలు. మీరు నేర్చుకున్నది మంచినీళ్లలో, అదీ ఏప్రిల్ చలికి బహుశా మందపాటి డైవింగ్ సూట్ వేసుకుని. బొనేర్‌లో డిసెంబర్‌లో నీళ్లు 27 డిగ్రీల దగ్గర ఉంటాయి, మూడు మిల్లీమీటర్ల సూట్ చాలు. సూట్ పలుచబడితే తేలే గుణం తగ్గుతుంది కాబట్టి తక్కువ బరువు చాలు. కానీ ఉప్పునీరు మంచినీటి కన్నా సుమారు 2.5 శాతం సాంద్రమైనది, అది మిమ్మల్ని పైకి నెడుతుంది కాబట్టి ఎక్కువ బరువు కావాలి. సామగ్రితో కలిపి మీరు 80 కిలోలు తూగితే ఉప్పునీటి వల్లే అదనంగా రెండు కిలోల దాకా పట్టవచ్చు. పైగా కరీబియన్‌లో మామూలుగా ఇచ్చేది అల్యూమినియం సిలిండర్. అందులోని గాలి ఖర్చయ్యేకొద్దీ అది రెండు కిలోలకు పైగా తేలికవుతుంది. మొదట్లో సరిగ్గా ఉన్న బరువు చివర్లో చాలక, పైకి వచ్చే ముందు భద్రత కోసం అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగవలసిన చోట మీరు పైకి తేలిపోతారు.

ఈ లెక్కను పుస్తకంలో చూసి తేల్చలేరు, నీళ్లలోనే తేల్చుకోవాలి. మెట్ల దగ్గర నిలువుగా తేలుతూ, తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లోని గాలి అంతా వదిలి, మామూలు ఊపిరి పట్టి చూడండి. నీటిమట్టం కళ్ల దగ్గర ఉండాలి. ఊపిరి వదిలితే నెమ్మదిగా మునగాలి. డైవ్ చివర్లో, సిలిండర్‌లో 50 బార్ మిగిలినప్పుడు, అయిదు మీటర్ల దగ్గర జాకెట్ ఖాళీ చేసి మళ్లీ చూడండి. అక్కడ ఊపిరితోనే పైకీ కిందికీ కదలగలుగుతున్నారంటే బరువు కుదిరినట్టు. మా ఆయనా నేనూ మొదటి రోజంతా దీనికే కేటాయించాం. కిలో తీస్తూ, అర కిలో కలుపుతూ, ఇసుక మీద తేలుతూ గడిపాం. ఆ వారంలో అంతకన్నా ఉపయోగపడిన రోజు మరొకటి లేదు. లోతు తక్కువ కాబట్టి సులువనుకోకండి. ఉపరితలం నుంచి 10 మీటర్లకు వెళ్లేసరికే పీడనం రెట్టింపవుతుంది, ఆ తర్వాతి 10 మీటర్లలో పెరిగేది ఒకటిన్నర రెట్లే. అందుకే నిలకడగా ఉండటం లోతు తక్కువ చోటే కష్టం. అక్కడ నేర్చుకుంటే మిగతాది దానంతట అదే వస్తుంది.

బొనేర్ ఇందుకు పుట్టినట్టుంటుంది. వెనెజులాకు ఉత్తరాన ఉన్న చిన్న ద్వీపం, 2010 నుంచి నెదర్లాండ్స్‌లో ప్రత్యేక మునిసిపాలిటీ. గాలి దాదాపు ఎప్పుడూ తూర్పు నుంచి వీస్తుంది. డైవింగ్ ఎక్కువగా పడమటి ఒడ్డున, గాలి చాటున జరుగుతుంది. తుపానులు ఎక్కువగా తిరిగే దారికి దక్షిణాన ఉండటం మరో మేలు. ఒడ్డున రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్ల మీద సైటు పేరు రాసి ఉంటుంది. అద్దె పికప్ ట్రక్కులో సిలిండర్లు వేసుకుని, రాయి కనిపించిన చోట ఆగి దిగడమే. సముద్ర సంరక్షణ పార్కు 1979లోనే ఏర్పడింది, ద్వీపం చుట్టూ 60 మీటర్ల లోతు వరకు దాని పరిధి. ఈటెతో చేపలు వేటాడటాన్ని అంతకు ముందే, 1971లో నిషేధించారు. అందుకే చేపలు మనిషిని చూసి బెదరవు. చిలుకముక్కు చేప పగడాన్ని కొరికే కరకర శబ్దం నీళ్లలో స్పష్టంగా వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు సిలిండర్ గాలిని నోటికి అందించే నా రెగ్యులేటరే ఏదో శబ్దం చేస్తోందనుకుని చుట్టూ చూశాను. చేతికి అందేంత దూరంలో ఒక నీలి చేప తింటూ ఉంది, దాని వెనుక సన్నని ఇసుక పొగలా రాలుతోంది.

అక్కడికి వచ్చే ప్రతి డైవర్ పార్కు రుసుము కట్టి, నియమాలు విని, ఒక పరిచయ డైవ్ చేయాలి. చేతి తొడుగులు నిషేధం. నాకు ఇది చాలా నచ్చిన నియమం. తొడుగు లేకపోతే దేన్నీ పట్టుకోవాలనిపించదు, తేలడం నేర్చుకోక తప్పదు.

రిసార్ట్‌ల విషయానికి వస్తే, బడ్డీ డైవ్, కెప్టెన్ డాన్స్ హాబిటాట్, డివి ఫ్లమింగో మూడింటికీ ఎదురుగానే రీఫ్ ఉంది. ఊళ్లోకి నడిచి వెళ్లాలంటే డివి ఫ్లమింగో దగ్గర. మీరు శాకాహారులైతే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు దొరికే బడ్డీ డైవ్ చూడండి. రెండు డైవ్‌లు చేసి వచ్చాక ఆకలి మామూలుగా ఉండదు, వేడి అన్నం పప్పు చేతికి దొరికితే ఆ సుఖమే వేరు. మీ వారు మీతోపాటే అదే మెట్ల మీది నుంచి దిగి పైన స్నార్కెలింగ్ చేయవచ్చు. మీరు కింద, ఆయన పైన, ఒకరికొకరు కనిపిస్తూనే ఉంటారు. డైవింగ్ మాత్రం ఇన్‌స్ట్రక్టర్‌తోనో గైడ్‌తోనో చేయండి, ఒంటరిగా వద్దు. మొదటి రెండు రోజులకు గైడ్‌ను విడిగా మాట్లాడుకోండి. ఆ ఖర్చుకు వెనకాడకండి.

లోపాలూ చెప్పాలి. ఇసుక తీరాలు తక్కువ. చాలా సైట్లలో గరుకు సున్నపురాయి మీద, విరిగిన పగడపు ముక్కల మీద నడిచి దిగాలి. గట్టి అడుగున్న బూట్లు తప్పనిసరి. అల ఎక్కువగా ఉంటే ఆ సైటు వదిలేయండి. నిలిపిన ట్రక్కుల్లో దొంగతనాలు జరుగుతాయి కాబట్టి ఫోను, పాస్‌పోర్టు గదిలోనే ఉంచండి. హిల్మా హుకర్ అనే మునిగిన ఓడ గురించి అందరూ ఊరిస్తారు. అది 30 మీటర్ల ఇసుక మీద పడుకుని ఉంది, మీ సర్టిఫికెట్ హద్దు 18 మీటర్లు. ఈసారికి వద్దు. పగడాలను చంపే వ్యాధి ఒకటి 2014లో ఫ్లోరిడాలో మొదలై కరీబియన్‌లో చాలా చోట్లకు పాకింది, 2023లో బొనేర్‌కూ వచ్చింది. పాత ఫొటోల్లో చూసినవన్నీ అలాగే ఉంటాయని ఆశించకండి. ఆ వ్యాధి పాకకుండా సామగ్రిని శుభ్రం చేసే పద్ధతి రిసార్ట్ చెప్పినట్టు పాటించండి.

కొజుమెల్ చాలా అందమైన చోటు, నీళ్లు అద్దంలా ఉంటాయి. కానీ అక్కడ చేసేది ప్రవాహంతో పాటు సాగే డైవింగ్. పడవ మీ బుడగలను వెంబడిస్తుంది. నిలకడ వచ్చాక అదొక వరం, రాకముందు ఆగాలనుకున్న చోట ఆగలేరు. శీతాకాలంలో ఉత్తరపు గాలులు వీస్తే రేవు మూసేస్తారు, మీ సెలవులో రెండు రోజులు అలా పోవచ్చు. నేను వెళ్లినప్పుడు ఒక పడవలో ఒకే గైడ్ వెంట చాలామందిని దింపారు, గాలి ముందుగా అయిపోయిన అమ్మాయిని ఒంటరిగా పైకి పంపేశారు. ఇప్పటికీ తలచుకుంటే కోపం వస్తుంది. రొయాటాన్ మీకు రెండో ఎంపిక. కోకో వ్యూ రిసార్ట్‌కు ఎదురుగానే రీఫ్ గోడ, మునిగిన ఓడ ఉన్నాయి. అయితే అక్టోబర్ నుంచి జనవరి దాకా అక్కడ వానలు, మార్చి తర్వాత వెళ్లడం మేలు. బెలీజ్‌లో పేరున్నది బ్లూ హోల్ అనే సముద్రపు గొయ్యి, దాని లోతు 120 మీటర్లు దాటుతుంది. అందరూ చూడాలని వెళ్లే రాతి స్తంభాలు 40 మీటర్ల దగ్గర మొదలవుతాయి. కొత్తవారిని అక్కడికి తీసుకెళ్తామనే డైవింగ్ దుకాణం కనిపిస్తే, మిగతా విషయాల్లో కూడా దాన్ని నమ్మకండి.

ఎక్కడికైనా సరే, బుక్ చేసే ముందు రిసార్ట్‌కు ఒక ఉత్తరం రాయండి. ఒక్కో గైడ్‌తో ఎంతమంది దిగుతారు, ఒకరి గాలి ముందుగా అయిపోతే ఏం చేస్తారు, పడవ మీద ఆక్సిజన్ ఉంటుందా, డైవింగ్‌లో ప్రమాదం జరిగితే చేర్చే పీడన చికిత్స గది ఎంత దూరంలో ఉంది, నేను ఒక డైవ్ మానేస్తానంటే డబ్బు సంగతి ఏమిటి అని అడగండి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబును జాగ్రత్తగా చదవండి. ఇష్టం లేకపోతే దిగనక్కరలేదని స్పష్టంగా చెప్పే చోట కొత్తవారిని తొందరపెట్టరు. ధరల పట్టిక మాత్రమే తిరిగి పంపే చోటును వదిలేయండి.

డైవింగ్ బీమా విడిగా తీసుకోండి, డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వారిది చాలామంది వాడతారు. ఆస్తమా లాంటివి ఉంటే వైద్య పత్రం మీద డాక్టర్ సంతకం ఇంటి దగ్గరే చేయించుకోండి, అక్కడికి వెళ్లాక ఆ కాగితం లేక ఆగిపోయినవాళ్లను చూశాను. మీరు హెచ్-1బి మీద ఉంటే పాస్‌పోర్టులో అమెరికా వీసా గడువు చూసుకోండి. బొనేర్ నుంచి తిరిగి రావడానికి అది చెల్లుబాటులో ఉండాలి.

చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. శనివారం మధ్యాహ్నం విమానమైతే శుక్రవారం పూర్తిగా నేల మీదే గడిపేలా ప్రణాళిక వేసుకోండి. ఆ రోజు ఉత్తరాన ఉన్న వాషింగ్టన్ స్లాగ్‌బాయ్ పార్కుకు వెళ్లండి, అక్కడి ఉప్పు మడుగుల్లో ఫ్లమింగోలు ఉంటాయి, మీ వారికీ నచ్చుతుంది. పొద్దున్నే బయలుదేరండి, లోపలి మట్టిరోడ్లకు ట్రక్కే కావాలి, తాగే నీళ్లు వెంట తీసుకెళ్లండి.